ఎర్రర్ పోయింది, పద్నాలుగు లారీలు ఎక్కువొచ్చాయి: మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు కేసు

నల్గొండ, మిర్యాలగూడ, హాలియా వైపు మిల్లులకు, విత్తనాల షాపులకు, చిన్న ఆఫీసులకు ఎక్సెల్, డేటాబేస్ పనులు చేసిపెడుతుంటాను. ఎక్కువగా వచ్చే ఫోన్ ఒకటే: "అన్నా, షీట్ రిఫ్రెష్ అయితలేదు." పదిలో తొమ్మిది సార్లు గంటలో తేలిపోయే పని అది. ఈ కేసు మాత్రం రాసి పెట్టాలనిపించింది, ఎందుకంటే ఇందులో సగం రోజు కష్టపడి కనెక్షన్‌ను సరిగ్గానే బాగుచేశాను, చివరి పది నిమిషాల్లో నా చేతులతోనే లెక్క తప్పించాను. అది నాకు కాదు, ఒక హమాలీ మేస్త్రికి తెలిసింది. మిల్లు ఏదో గుర్తుపట్టే వివరాలు తీసేశాను, అంకెలు కాస్త రౌండ్ చేశాను. వాళ్లకు చెప్పే రాస్తున్నాను.

మిల్లు, కాంటా, ఆ ఫైలు

సాగర్ ఎడమ కాలువ కింద పండే వడ్లు ఎటు పోతాయంటే ఈ ప్రాంతంలో ఎవరైనా మిర్యాలగూడ వైపే చెయ్యి చూపిస్తారు. యాసంగి కోతలు మొదలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో మిల్లు గేటు ముందు లారీల వరుస రోడ్డు దాకా ఉంటుంది. కొనుగోలు కేంద్రం నుంచి లారీ వస్తుంది, కాంటా ఎక్కుతుంది, లోడు బరువు తీస్తారు. హమాలీలు బస్తాలు దించాక ఖాళీ లారీ మళ్లీ కాంటా ఎక్కుతుంది. ఆ రెండింటి తేడానే నికర బరువు. మిల్లు వాళ్లు ఆ బరువు చూసి లారీతో వచ్చిన ట్రక్ షీట్ మీద సంతకం పెడితేనే అక్కడ రైతు డబ్బుల సంగతి ముందుకు కదులుతుంది. అందుకే కాంటా లెక్క ఆగితే మిల్లుతో ఆగదు, ఎక్కడో ఊళ్లో ఎదురుచూసే మనిషి దాకా పోతుంది. ఇది నేను ప్రతి సీజన్‌లో చూస్తున్నదే.

ఈ మిల్లులో కాంటా రూమ్ గేటు పక్కన ఉంది. అక్కడి కంప్యూటర్‌లో కాంటా సాఫ్ట్‌వేర్, దాని వెనక బరువులు దాచే డేటాబేస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్. ఉచితంగా దొరికేదే, అక్కడున్న వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటకూడదు, ఒక మిల్లు కాంటాకు అది చాలా ఎక్కువ. ఆఫీసు ఉండేది లోపల, ప్యాడీ షెడ్డు అవతల. మధ్యలో నెట్‌వర్క్ కేబుల్ వేసి ఉంది. ఆఫీసులోని అకౌంటెంట్ కుర్రాడు కొన్నేళ్ల కింద తనంతట తానే నేర్చుకుని ఒక ఎక్సెల్ ఫైలు చేసుకున్నాడు. అది ఓడీబీసీ (ఒక ప్రోగ్రామ్‌ను డేటాబేస్‌కు కలిపే పద్ధతి) ద్వారా కాంటా డేటాబేస్‌కు కలిసి, సీజన్ మొదలైనప్పటి నుంచి దిగిన ప్రతి లారీనీ ఒక షీట్‌లోకి తెస్తుంది. దాని మీద కేంద్రాల వారీగా మొత్తాలు కూడి చూపే ఒక పివట్ పట్టిక, హమాలీ లెక్కకు ఒక షీట్, ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాల్సిన బియ్యం లెక్కకు ఇంకో షీట్. వంద క్వింటాళ్ల వడ్లకు పచ్చి బియ్యమైతే 67, ఉప్పుడు బియ్యమైతే 68 క్వింటాళ్లు. యాసంగి వడ్లు ఎండకు నూక ఎక్కువ పడతాయి కాబట్టి ఇక్కడ ఎక్కువగా ఉప్పుడే ఆడతారు.

ఫైలు బాగా చేశాడు, ఆ మాట చెప్పాలి. ఎవరూ నేర్పకుండా అంత చేయడం తేలిక కాదు.

ఏం జరిగింది

ఒక సాయంత్రం గాలివాన వచ్చింది, కరెంటు పోయి వచ్చి పోయి వచ్చింది. తెల్లారేసరికి ఆఫీసు కంప్యూటర్ లేవలేదు, రూటర్ కూడా పోయింది. సీజన్ మధ్యలో ఆగడానికి లేదు కదా, మధ్యాహ్నానికల్లా కొత్త కంప్యూటర్, కొత్త రూటర్ తెచ్చి పెట్టారు. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉండడం అదృష్టం. తెరిచి రిఫ్రెష్ కొడితే ఎర్రర్: డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్ అండ్ నో డీఫాల్ట్ డ్రైవర్ స్పెసిఫైడ్.

నాకు ఫోన్ వచ్చింది. "అన్నా, బయట లారీలు లైన్ల ఉన్నయ్. కాంటా నడుస్తుంది గని నా షీట్ల ఏం వస్తలేదు."

ఆ ఒక్క మాటలో చాలా సమాచారం ఉంది. కాంటా నడుస్తోంది అంటే డేటాబేస్ బతికే ఉంది, రాస్తోంది. విరిగింది మధ్యలో. కాబట్టి కాంటా రూమ్‌లో ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని ముందు చెప్పాను. ఇలాంటప్పుడు మనుషులు టెన్షన్‌లో సర్వర్ రీస్టార్ట్ చేస్తారు, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, ఉన్నది కూడా పోగొట్టుకుంటారు.

ఫోన్‌లో చేసినవి, దారి తప్పినవి

ఆ ఎర్రర్‌కు అర్థం తేలికే. ఫైలు ఒక పేరు పెట్టి వెతుకుతోంది, ఆ పేరు అంటే ఏ సర్వర్, ఏ డ్రైవర్ అన్న వివరం పాత కంప్యూటర్‌లో ఉండిపోయింది, ఫైలుతో పాటు రాలేదు. ఆ పేరునూ వివరాన్నీ కలిపి డీఎస్ఎన్ అంటారు, అది ఫైలులో ఉండదు, విండోస్‌లో ఉంటుంది. సరే, అదే పేరుతో కొత్తది చేయమని చెప్పాను. చేశాడు. మళ్లీ అదే ఎర్రర్, అక్షరం తేడా లేకుండా.

ఇక్కడ నేను నలభై నిమిషాలు వృథా చేశాను. పేరులో స్పెల్లింగ్ తప్పేమో, చివర్లో స్పేస్ పడిందేమో అని ఫోన్‌లోనే అక్షరం అక్షరం చదివించాను. అతను విసుగు పడలేదు గానీ నాకే విసుగొచ్చింది. తర్వాత అడిగాను, ఏ స్క్రీన్‌లో చేశావు అని. తన పాత నోట్సులో రాసుకున్న దారినే పోయాడు, అది 32 బిట్ ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్. పాత కంప్యూటర్‌లో ఆఫీస్ 32 బిట్, కొత్తదాంట్లో 64 బిట్. ఆఫీస్ 2019 నుంచి మనం ఏమీ చెప్పకపోతే 64 బిట్టే ఎక్కుతుంది. సిస్టమ్ డీఎస్ఎన్ 32 బిట్ వైపు చేస్తే 64 బిట్ ఎక్సెల్‌కు అది కనపడనే కనపడదు. పక్క గదిలో తాళం పెట్టి ఈ గదిలో వెతికినట్టు.

ఇందులో ఇంకో తికమక ఉంది. విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేది 64 బిట్ అడ్మినిస్ట్రేటర్. సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉండేది 32 బిట్‌ది. పేర్లు చూసి పోతే తప్పకుండా తప్పు గదిలోకే పోతాం. అందుకే ఇప్పుడు నేను ఫోన్ ఎత్తగానే అడిగే మొదటి ప్రశ్న ఎర్రర్ ఏమిటని కాదు, ఎక్సెల్ ఎన్ని బిట్లదని. ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ నొక్కితే పై వరుసలోనే ఉంటుంది.

64 బిట్ వైపు చేయించాక ఎర్రర్ మారింది. సర్వర్ డజ్ నాట్ ఎగ్జిస్ట్ ఆర్ యాక్సెస్ డినైడ్. అకౌంటెంట్ కంగారు పడ్డాడు, నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను. ఎర్రర్ మారిందంటే ఒక గడప దాటాం. ఇప్పుడు డ్రైవర్ దొరికింది, అది బయటికి వెళ్లి సర్వర్‌ను పిలుస్తోంది, అటు నుంచి జవాబు లేదు. ఇక ఫోన్‌లో కాదని బండి తీశాను.

మిల్లులో

పాత కనెక్షన్‌లో సర్వర్ అడ్రస్ దగ్గర నేరుగా ఐపీ నంబర్, అంటే నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్ చిరునామా, రాసి ఉంది. కాంటా కంప్యూటర్‌కు ఎవరూ ఐపీ కట్టేయలేదు, పాత రూటర్ ఇన్నేళ్లూ అదే నంబర్ ఇస్తూ వచ్చింది, అందరూ అది శాశ్వతం అనుకున్నారు. కొత్త రూటర్ కొత్త వరుసలో నంబర్లు ఇచ్చింది. ఇది ఊహించినదే. కొత్త ఐపీ పెట్టాను. అయినా రాలేదు. పింగ్ కొట్టాను, అంటే ఆ మిషన్ ఉందా అని పిలిచి చూశాను, దానికీ జవాబు లేదు.

పింగ్ రాకపోతే కేబుల్ అనుకుంటాం. మిల్లులో ఎలుకలు, ఊక దుమ్ము, లారీ టైర్లు, కేబుల్ పోవడానికి నూరు కారణాలు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించడానికి యజమాని ఫోన్ కూడా తీశారు. ఒక్క నిమిషం ఆగమన్నాను. ఎందుకంటే స్విచ్ మీద ఆ కేబుల్ లైటు వెలుగుతోంది, పైగా కాంటా కంప్యూటర్‌కు కొత్త రూటర్ నుంచి ఐపీ అందింది. కేబుల్ తెగి ఉంటే ఆ నంబర్ ఎలా వచ్చేది? కాబట్టి కేబుల్ బాగుంది, అవతలి మిషన్ కావాలనే జవాబు ఇవ్వడం లేదు.

ఇలాంటి చోట నేను లోపలి నుంచి బయటికి వస్తాను. ముందు కాంటా కంప్యూటర్ మీదే కూర్చుని, దానికి దాని పేరుతోనే కనెక్ట్ అయ్యాను. అయ్యింది. తర్వాత అదే మిషన్ నుంచి దాని ఐపీతో కనెక్ట్ అయ్యాను, అదీ అయ్యింది, అంటే టీసీపీ, నెట్‌వర్క్ మీదుగా వచ్చే దారి, తెరిచే ఉంది. ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ మొదట్లో మూసి ఉంటుంది, ఇక్కడ ఎప్పుడో తెరిచారు. ఇక మిగిలింది ఆ మిషన్ గోడ, అంటే ఫైర్‌వాల్.

చూస్తే విషయం ఇది. రూటర్ మారితే విండోస్‌కు అది కొత్త నెట్‌వర్క్. కొత్త నెట్‌వర్క్‌ను పబ్లిక్ అని పెట్టుకుంది, అంటే బస్టాండ్ వైఫైకి కనెక్ట్ అయినట్టు జాగ్రత్త పడుతోంది. కాంటా సాఫ్ట్‌వేర్ వాళ్లు ఫైర్‌వాల్‌లో రాసిన రూల్ ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రమే. రూల్ ఉంది, ఆన్‌లో ఉంది, పచ్చ టిక్కు ఉంది, కానీ ఇప్పుడున్న నెట్‌వర్క్‌కు అది వర్తించదు. పింగ్ రాకపోవడానికీ అదే కారణం. రూల్ ఉందా అని చూసి ఆగిపోయిన వాళ్లను నేను చాలామందిని చూశాను, ఏ ప్రొఫైల్‌కు, పబ్లిక్‌కా ప్రైవేట్‌కా, ఉందో చూడాలి.

నిర్ధారణ కోసం ఫైర్‌వాల్ రెండు నిమిషాలు ఆపి చూశాను, కనెక్షన్ వచ్చింది, వెంటనే మళ్లీ ఆన్ చేశాను. అక్కడే వదిలేస్తే పని అయిపోయేది, యజమాని కూడా "నడుస్తుంది కదా, ఉంచెయ్" అన్నారు. ఉంచలేదు. ఆ కంప్యూటర్‌లో ఉన్నది మొత్తం సీజన్ బరువుల లెక్క, గోడ తీసేసి పోవడం నాకు ఒప్పలేదు. నెట్‌వర్క్‌ను ప్రైవేట్ చేశాను. రూటర్‌లో కాంటా మిషన్‌కు ఒకే ఐపీ వచ్చేలా రిజర్వ్ చేశాను. ఇంకోటి, ఈ సర్వర్‌కు సొంత పేరు పెట్టి ఉంది (నేమ్డ్ ఇన్‌స్టన్స్ అంటారు), ఇలాంటివి మామూలుగా పోర్ట్‌ను, అంటే కనెక్షన్ వచ్చే తలుపు నంబర్‌ను, తమకు తోచినట్టు మార్చుకుంటాయి, ఏ పోర్టో చెప్పడానికి ఎస్‌క్యూఎల్ బ్రౌజర్ అనే ఇంకో సర్వీస్ 1434 మీద కూర్చుని ఉండాలి. కదిలే ముక్కలు ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిదని పోర్ట్‌ను 1433కు కట్టేసి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్కదానికే దారి ఇచ్చాను. దీనికి సర్వీస్ ఒకసారి రీస్టార్ట్ చేయాలి, కాంటా అర నిమిషం ఆగుతుంది. హమాలీలు అన్నానికి లేచేదాకా ఆగి, కాంటా మీద లారీ లేనప్పుడు చేశాం. కనెక్షన్‌లో ఐపీ తర్వాత పోర్ట్ రాసేటప్పుడు కామా పెట్టాలి, వెబ్ అడ్రస్ అలవాటుతో కోలన్ పెడితే పనిచేయదు. ఇదీ చాలామందిని ఆపేసే చిన్న సంగతే.

ఆఫీసు వైపు పరీక్షకు ఎక్సెల్ వాడలేదు. డెస్క్‌టాప్ మీద ఖాళీ టెక్స్ట్ ఫైలు చేసి, దాని ఎక్స్‌టెన్షన్‌ను యూడీఎల్ అని మార్చి డబుల్ క్లిక్ చేస్తే ఒక చిన్న కనెక్షన్ కిటికీ తెరుచుకుంటుంది. సర్వర్, లాగిన్ ఇచ్చి టెస్ట్ నొక్కితే చాలు. ఎక్సెల్‌ను పక్కన పెట్టి దారి మాత్రమే చూడాలనుకున్నప్పుడు ఇంతకంటే తేలికైనది నాకు తెలియదు. మొదటిసారి లాగిన్ ఫెయిల్డ్ అని వచ్చింది, పాస్‌వర్డ్ తప్పు కొట్టాను. అది మంచి వార్తే, తలుపు తీసి "నువ్వెవరు" అని అడిగారంటే ఇంటిదాకా చేరినట్టే. రెండోసారి సక్సీడెడ్.

ఎక్సెల్‌లో రిఫ్రెష్ కొట్టాను. ఆ రోజు పొద్దున దిగిన లారీలన్నీ పై వరుసల్లో కనపడ్డాయి. అకౌంటెంట్ ముఖం వెలిగింది. టైం సాయంత్రం అయిదు.

చివరి పది నిమిషాలు

అప్పుడు ఇంటికి పోయి ఉంటే ఈ కేసు లేదు. పోకపోవడానికి కారణం కూడా సరైనదే. ఆ ఫైలు వాడుతున్న లాగిన్ కాంటా సాఫ్ట్‌వేర్ సొంత లాగిన్, దానికి అన్ని హక్కులూ ఉన్నాయి, రాయొచ్చు, చెరపొచ్చు. పాస్‌వర్డ్ ఎక్సెల్ కనెక్షన్‌లో దాపరికం లేకుండా సేవ్ అయి ఉంది. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లలో, వాట్సాప్‌లో తిరుగుతుంది. ఇంత దూరం వచ్చాను కదా అని, చదవడానికి మాత్రమే హక్కున్న కొత్త లాగిన్ ఒకటి చేసి, ఫైలును దానికి మార్చాను. రిఫ్రెష్ కొట్టాను. ఎర్రర్ లేదు. పైన ఇవాళ్టి లారీలు ఉన్నాయి. సరిపోయింది అనుకుని వచ్చేశాను.

లాగిన్ మార్చకముందు మొత్తం ఎన్ని వరుసలున్నాయో ఒక కాగితం మీద రాసుకోలేదు.

శనివారం

శనివారం సాయంత్రం హమాలీ ముఠాకు డబ్బులిస్తారు. సీజన్ మొదటి నుంచి దించిన బస్తాలు, అందులో ఇచ్చేసినవి తీసేస్తే మిగిలినవి, ఇదీ షీట్ లెక్క. ఆ వారం బాకీ చాలా ఎక్కువ వచ్చింది. అకౌంటెంట్ డబ్బు లెక్కపెడుతుంటే మేస్త్రి ఆపాడట. "ఇన్ని బస్తాలు మేం దించలేదు సారూ, మల్లొక్కసారి చూడుండ్రి" అని తన జేబులోని చిన్న పుస్తకం తీశాడట. తనకు ఎక్కువ వస్తున్న డబ్బును తనే ఆపిన మనిషి అతను. ఆ మాట ఫోన్‌లో విన్నప్పుడు నాకు కాసేపు నోట మాట రాలేదు.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. మొదట అనుమానించింది బ్యాక్‌గ్రౌండ్ రిఫ్రెష్‌ను. డేటా ఇంకా వస్తుండగానే పివట్ రిఫ్రెష్ అయిపోయి పాత లెక్క చూపించడం ఎక్సెల్‌లో మామూలే. దాన్ని ఆపి చూశాను, లెక్క మారలేదు. నిజానికి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే అటు వెళ్లేవాణ్ణి కాదు. పాత లెక్క చూపిస్తే తక్కువ రావాలి, ఇక్కడ ఎక్కువ వచ్చింది. తేడా ఎటువైపు ఉందో చూస్తే సగం అనుమానాలు వాటంతట అవే రాలిపోతాయి, ఆ రోజు నుంచి ముందు అదే చూస్తున్నాను.

ఎక్కువ అంటే ఒకే లారీ రెండుసార్లు పడిందా? చీటీ నంబర్లు విడివిడిగా ఎన్నో లెక్కబెట్టాను, మొత్తం వరుసలు ఎన్నో చూశాను, రెండూ 412. డూప్లికేట్లు లేవు. అంటే ఇవన్నీ నిజంగా కాంటా ఎక్కిన లారీలే. మరి మేస్త్రి తప్పా? కాంటా ఆపరేటర్ దగ్గర చేతిరాత రిజిస్టర్ ఉంటుంది, కంప్యూటర్ వచ్చి ఇన్నేళ్లయినా యజమాని దాన్ని మానిపించలేదు. మేం ముగ్గురం కూర్చుని ఏప్రిల్ 1 నుంచి లెక్కబెట్టాం. 398. మేస్త్రి పుస్తకంతో సరిపోయింది.

ఎక్సెల్‌లో పద్నాలుగు ఎక్కువ. షీట్ ఎప్పుడూ కొత్త లారీ పైన ఉండేలా ఉంటుంది, కిందికి ఎవరూ పోరు. తేదీ వరుస తిప్పి పెట్టాను. మొదటి వరుస జనవరి.

వానాకాలం కొనుగోళ్లు ఆ ఏడాది జనవరి దాకా సాగాయి. ఆ చివరి పద్నాలుగు లారీలు యాసంగి లెక్కలోకి వచ్చి కూర్చున్నాయి. కేంద్రాల పేర్లు అవే, లారీ నంబర్లూ అలాంటివే, పివట్‌లో తేదీలు లేవు, అందుకే ఎవరి కంటికీ ఆనలేదు.

క్వెరీ, అంటే ఏ వరుసలు కావాలో డేటాబేస్‌ను అడిగే ఆదేశం, తెరిచి చూస్తే షరతు మామూలుగానే ఉంది: తేదీ '01/04/2024' లేదా ఆ తర్వాత. మనకు అది ఏప్రిల్ ఒకటి. అకౌంటెంట్ ప్రతి సీజన్‌కు ఆ ఒక్క తేదీ మార్చుకునేవాడు, ఇన్నేళ్లూ సరిగ్గానే పనిచేసింది. మరి ఇప్పుడేమైంది? ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ప్రతి లాగిన్‌కు ఒక డీఫాల్ట్ భాష ఉంటుంది. కోట్స్ మధ్య ఇలా రాసిన తేదీని ఏ వరుసలో చదవాలో ఆ భాష నిర్ణయిస్తుంది. పాత లాగిన్‌కు బ్రిటిష్ ఇంగ్లిష్ అని పెట్టి ఉంది, రోజు ముందు, నెల తర్వాత. నేను చేసిన కొత్త లాగిన్‌కు భాష ఏమీ చెప్పలేదు, సర్వర్ డీఫాల్ట్ అయిన యూఎస్ ఇంగ్లిష్ తీసుకుంది, నెల ముందు. దాని లెక్కలో 01/04 అంటే జనవరి నాలుగు.

సీజన్ ఏప్రిల్ 15న మొదలై ఉంటే ఆ సాయంత్రమే దొరికిపోయేది, పదిహేనో నెల లేదు కాబట్టి సర్వర్ ఎర్రర్ ఇచ్చేది. ఒకటో తారీఖు కావడం వల్ల రెండు రకాలుగానూ చెల్లింది, మాట్లాడకుండా తప్పు లెక్క ఇచ్చింది. డీఎస్ఎన్, ఐపీ, ఫైర్‌వాల్, ఈ మూడూ గట్టిగా అరిచాయి, అందుకే మూడూ ఒక్క రోజులో బాగయ్యాయి. నాలుగోది అరవలేదు. ఆ పద్నాలుగు లారీల్లో దాదాపు 300 టన్నుల వడ్లు. 68 శాతం లెక్కన 204 టన్నుల బియ్యం బాకీ ఎక్కువ చూపించింది, 40 కిలోల బస్తాలుగా చూస్తే 7,500 బస్తాల హమాలీ. బియ్యం లెక్క శుక్రవారమే యజమాని దగ్గరికి వెళ్లింది. ఇంకా ఎక్కడికీ పంపలేదు, అది ఒక్కటే ఊరట.

ఏం చేశాం

రెండు దారులున్నాయి. కొత్త లాగిన్ భాషను బ్రిటిష్‌కు మార్చడం, లేదా క్వెరీలో తేదీ రాసే పద్ధతి మార్చడం. మొదటిది ఒక్క లైను పని. కానీ అప్పుడు లెక్క సరిగా ఉండడం అనేది ఎవరికీ కనపడని ఒక సెట్టింగ్ మీద ఆధారపడి ఉంటుంది, రేపు ఇంకెవరో ఇంకో లాగిన్ చేస్తే మళ్లీ ఇదే కథ. అందుకే తేదీనే మార్చాను: '20240401'. ఏడాది, నెల, రోజు, మధ్యలో గీతలు లేకుండా. ఏ భాష లాగిన్ అయినా దీన్ని ఒకేలా చదువుతుంది. మధ్యలో అడ్డగీతలు పెట్టి 2024-04-01 అని రాస్తే సేఫ్ అనుకుంటారు చాలామంది, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పాత డేట్‌టైమ్ రకం కాలమ్‌తో, బ్రిటిష్ లాగిన్‌తో అది కూడా తిరగబడుతుంది, జనవరి నాలుగు అవుతుంది. ఆ కాంటా టేబుల్‌లో ఉన్నది సరిగ్గా ఆ రకమే.

మార్చాక 398.

తర్వాత ఫైలులో మొదటి షీట్ పైన నాలుగు గడులు పెట్టాం: మొత్తం లారీలు, మొదటి లారీ తేదీ, చివరి చీటీ నంబర్, మొత్తం నికర బరువు. ఇవి పివట్ నుంచి కాదు, వచ్చిన డేటా నుంచి నేరుగా. రోజూ సాయంత్రం అకౌంటెంట్ కాంటా రూమ్‌కు ఫోన్ చేసి రిజిస్టర్‌లోని లారీల సంఖ్యతో సరిచూస్తాడు, అర నిమిషం పని. మొదటి లారీ తేదీ అనే గడి ఆ సాయంత్రం ఉండి ఉంటే జనవరి అని నా కళ్ల ముందే కనపడేది. కనెక్షన్‌లో ఏది మార్చినా, అది పాస్‌వర్డ్ అయినా సరే, ముందు ఆ నాలుగు అంకెలు కాగితం మీద రాసి, మార్చాక మళ్లీ చూడాలని ఒక పేజీ రాసి కంప్యూటర్ పక్కన అతికించాం. అదే పేజీలో ఐపీ, పోర్ట్, ఎక్సెల్ ఎన్ని బిట్లదో కూడా ఉన్నాయి.

ఎక్సెల్‌లోనే డేటా తెచ్చే కొత్త పద్ధతి, పవర్ క్వెరీకి మారుద్దామని అకౌంటెంట్ అప్పుడే అడిగాడు. మంచి ఆలోచనే. దానికి డీఎస్ఎన్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ ఫైలులో కాక ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది, అందులో షరతు పెట్టేటప్పుడు తేదీని అక్షరాలుగా కాక తేదీగానే ఇవ్వొచ్చు. కానీ గేటు బయట లారీలుండగా మార్చనన్నాను. ఒకే వారంలో కంప్యూటర్, రూటర్, పోర్ట్, లాగిన్ మారాయి, అయిదోది కూడా మారిస్తే ఏది దేనివల్ల తప్పిందో చెప్పడం ఎవరి వల్లా కాదు. జూన్‌లో మిల్లు కాస్త ఊపిరి తీసుకున్నాక, పాతదీ కొత్తదీ రెండూ పక్కపక్కన రెండు వారాలు నడిపి, రెండింట్లో నాలుగు గడులూ రోజూ ఒకటే వచ్చాకే పాతది తీసేశాం.

ఆ ఆదివారమే మేస్త్రికి ఆయన బాకీ ఎంతో అంత ఇచ్చారు. యజమాని నన్ను ఏమీ అనలేదు, రిజిస్టర్ మాత్రం మానొద్దని ఆపరేటర్‌కు ఇంకోసారి చెప్పారు. ఆ రిజిస్టర్ ఎందుకు, దండగ పని అని ఏడాది ముందు సలహా ఇచ్చింది నేనే. ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నానని ఆయనతో చెప్పాను.

ఆ వానాకాలం నవంబర్‌లో అకౌంటెంట్ మళ్లీ ఫోన్ చేశాడు. "అన్నా, రిజిస్టర్ల అరవై మూడు, నా దగ్గర అరవై రెండు. ఏం మార్చలేదు నేను." ఈసారి తక్కువ. కనెక్షన్‌ను ముట్టుకోకుండా చివరి చీటీ నంబర్ చదవమన్నాను, రిజిస్టర్‌లోనూ అదే. అంటే మధ్యలో ఒకటి తప్పింది. నిన్న రాత్రి పొద్దుపోయి వచ్చిన లారీ ఏదైనా దించకుండా ఉందా అని అడిగాను. ఆపరేటర్‌ను కేకేసి కనుక్కున్నాడు. ఉంది, లోడు బరువు తీశారు, హమాలీలు వెళ్లిపోయారు, పొద్దున దించుతున్నారు, ఖాళీ బరువు ఇంకా పడలేదు. మన క్వెరీ నికర బరువు ఉన్నవే తెస్తుంది, రిజిస్టర్‌లో మాత్రం గేటు దాటగానే రాస్తారు. ఆ లారీని ఏ రోజు లెక్కలో వేయాలో అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. ఖాళీ బరువు పడిన రోజే అని ఆ ఫోన్‌లోనే తేల్చుకుని, రిజిస్టర్‌లో దించని లారీ పక్కన చిన్న చుక్క పెట్టమని చెప్పాం. పదకొండు గంటలకు మెసేజ్ పెట్టాడు, అరవై మూడు అని.